ఎలక్ట్రిక్ బస్సు సరే, ముందు టైముకి వచ్చే బస్సు కావాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రోజూ బైక్ మీద ఆఫీసుకు వెళ్తున్నారు. పొగ తగ్గాలని మీకూ ఉంది, కానీ బస్సెక్కితే దాదాపు రెట్టింపు సమయం పడుతోంది, అది ఎప్పుడొస్తుందో కూడా తెలియదు. మీ నగరం ఎలక్ట్రిక్ బస్సులు కొంటోంది. దాంతో పని జరుగుతుందా, లేక జనం సౌకర్యం వదులుకుంటే తప్ప కాలుష్యం తగ్గదా? మీ కాలనీ సంఘం తరఫున ఏదైనా అడగాలంటే ముందు ఏం అడగాలి?

సూటిగా చెబుతాను. సౌకర్యం వదులుకోనక్కర్లేదు. అసలు సౌకర్యం పెరగకుండా నగర రవాణాలో కాలుష్యం తగ్గించడం కుదరదు. మీరు మొదట అడగాల్సింది బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం తగ్గించమని, ఆ ఎడం అటూ ఇటూ కాకుండా చూడమని. రెండోది, బస్సు ఇరుక్కుపోతున్న చోట్ల దానికి దారి ఇమ్మని. ఎలక్ట్రిక్ బస్సులు మంచివే, రావాలి కూడా. కానీ నలభై నిమిషాలకొకటి వచ్చే బస్సు డీజిల్‌తో నడిచినా కరెంటుతో నడిచినా మీరు మాత్రం బైక్ మీదే వెళ్తారు.

బస్సు రూట్లు, టైంటేబుళ్లు వేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఎక్కువగా ఆ అనుభవంతోనే రాస్తున్నాను, కాబట్టి మెట్రో గురించి తక్కువ, బస్సు గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు ఒక లెక్క చూడండి. డీజిల్ లీటరు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పెట్రోలైతే సుమారు 2.3 కిలోలు. లీటరుకు 3 కిలోమీటర్లు ఇచ్చే బస్సు కిలోమీటరుకు 900 గ్రాములు వదులుతుంది. లీటరుకు 15 ఇచ్చే కారు 150 గ్రాముల పైచిలుకు, లీటరుకు 50 ఇచ్చే బైక్ 46 గ్రాములు. అంటే బస్సులో ఆరుగురే ఉంటే తలా 150 గ్రాములు, ఒక్కడే కూర్చుని నడిపే కారుతో సమానం. బైక్ మీద వెళ్లే మనిషితో సమానం కావాలంటే బస్సులో ఇరవై మంది ఉండాలి. నలభై మంది ఉంటే తలా 22 గ్రాములకు దిగుతుంది. ఖాళీగా తిరిగే బస్సు వల్ల ఎవరికీ మేలు లేదు. నిండిన బస్సుతో పోటీకి వచ్చేవి నడక, సైకిల్, జనంతో నిండిన రైలు, అంతే.

ఇందులోనే మీకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. ఎలాగూ నడిచే బస్సులో మీరొక్కరు అదనంగా ఎక్కితే దాని పొగ ఇంచుమించు పెరగదు. మీ బైక్ పొగ మాత్రం పూర్తిగా ఆగిపోతుంది. కాబట్టి ప్రశ్నంతా ఇక్కడికి వచ్చి ఆగుతుంది: మీలాంటి వాళ్లు బస్సెక్కేలా చేయడం ఎలా?

జనం ఎందుకు ఎక్కరు

టికెట్ ధర అని చాలామంది అనుకుంటారు. ధర ముఖ్యమే, ముఖ్యంగా ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు. కానీ సొంత బండి ఉన్నవాళ్లు బస్సు వద్దనుకోవడానికి అసలు కారణం సమయం, అందులోనూ స్టాపులో బస్సు కోసం ఆగే సమయం. స్టాపులో నిలబడ్డ ఒక నిమిషం బస్సులో కూర్చున్న రెండు నిమిషాలంత భారంగా అనిపిస్తుందని రవాణా రంగంలో చాలాకాలంగా లెక్కేసుకుంటున్నాం. ఎండలోనో వానలోనో, బస్సు వస్తుందో రాదో తెలియక నిలబడితే అది ఇంకా పెరుగుతుంది.

అంతకన్నా పెద్ద ఖర్చు ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. వారానికి ఒక్కసారి బస్సు పావుగంట ఆలస్యమైందనుకోండి. తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాల్సిన మనిషి ఏం చేస్తాడు? ఆ ఒక్కరోజు టెన్షన్ పడలేక వారమంతా పావుగంట ముందే బయల్దేరతాడు. ఆలస్యమైంది ఒక్కరోజే, సమయం పోయింది రోజూ. అందుకే సగటు ఆలస్యం ఎంత అని అధికారులు చెప్పే అంకె నాకు పెద్దగా పనికిరాదు. ఎంత ముందు బయల్దేరితే ధీమాగా చేరతాం అన్నదే ప్రయాణికుడికి కావలసిన అంకె.

ఎడం గురించి నా అనుభవంలో ఒక హద్దు ఉంది. పది నిమిషాలకొక బస్సు ఉంటే జనం టైంటేబుల్ చూడడం మానేస్తారు. బయటికొచ్చి స్టాపులో నిలబడతారు, వస్తుందని నమ్మకం. పావుగంట దాటితే చూసుకుని రావాలి. అరగంటకొకటి ఉంటే, అది తప్ప గతి లేనివాళ్లే ఎక్కుతారు. ఇరవై నుంచి పదికి తగ్గిస్తే వచ్చే మార్పు, నలభై నుంచి ముప్పైకి తగ్గిస్తే రాదు. రెండు చోట్లా తగ్గింది పది నిమిషాలే అయినా సరే.

దీనికి ఇంకో మంచి గుణం ఉంది. జనం పెరిగితే బస్సులు పెంచాలి. బస్సులు పెరిగితే పాత ప్రయాణికులకు కూడా ఆగే సమయం తగ్గుతుంది. రోడ్డు మీద కార్లు పెరిగితే అందరికీ నష్టం, బస్సులో జనం పెరిగితే అందరికీ లాభం. హెర్బర్ట్ మోరింగ్ అనే ఆర్థికవేత్త 1972లో ఈ విషయాన్ని లెక్క కట్టి చూపించాడు. ప్రజారవాణాకు ప్రభుత్వ డబ్బు ఎందుకు పెట్టాలి అంటే చెప్పే గట్టి కారణాల్లో ఇదొకటి.

బస్సులు కొనకుండానే బస్సులు పెంచడం

మీరు బాగా గుర్తుపెట్టుకుని అధికారులతో మాట్లాడాల్సింది ఈ భాగమే.

ఒక రూటు తీసుకోండి. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, అక్కడ కాసేపు ఆగి, తిరిగి వచ్చి, మళ్లీ బయల్దేరడానికి మొత్తం 120 నిమిషాలు. ఆ రూటులో 12 బస్సులున్నాయి. 120ని 12తో భాగిస్తే పది నిమిషాలకొక బస్సు. ఇప్పుడు అదే రౌండు 96 నిమిషాల్లో పూర్తయ్యేలా చేశామనుకోండి. అవే 12 బస్సులు, అదే సిబ్బంది, ఎనిమిది నిమిషాలకొక బస్సు. ఎక్కినవాళ్లు త్వరగా చేరతారు, ఎక్కబోయేవాళ్లు తక్కువసేపు ఆగుతారు. కొత్త బస్సు ఒక్కటీ కొనలేదు.

ఆ 24 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? బస్సుల వేగం పెంచి కాదు. డ్రైవర్‌ను తొందరపెడితే ప్రమాదాలు జరుగుతాయి తప్ప నిమిషాలు మిగలవు. బస్సు నిలబడి ఉన్న సమయంలోంచి రావాలి. స్టాప్‌వాచ్ పట్టుకుని బస్సులో కూర్చుని ఎప్పుడు కదిలింది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని రాసుకుంటే నగరం నడిబొడ్డున వెళ్లే రూటులో పెద్ద వాటా నిలబడడానికే పోయిందని తేలుతుంది. ఆ నిలబడ్డ సమయం మూడు చోట్ల ఉంటుంది: స్టాపులో, సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్ వరుసలో.

స్టాపు సంగతి చూడండి. పొద్దున తొమ్మిది, రద్దీ స్టాపు. బస్సు ఫుట్‌పాత్‌కు ఆనుకుని ఆగలేదు, ఎందుకంటే అక్కడ ఎవరిదో కారు ఉంది. రోడ్డు మధ్యలో ఆగింది. జనం రోడ్డు మీదికి దిగి ముందు తలుపు దగ్గర మూగారు. మొదటి మెట్టు మోకాలంత ఎత్తు. ముందున్న పెద్దావిడ ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కుతోంది. లోపల మనిషి టికెట్‌కు చిల్లర వెతుక్కుంటున్నాడు, అతని వెనక అంతా ఆగారు. ఒక్కొక్కరికి నాలుగు సెకన్లు వేసుకున్నా ముప్పై మందికి రెండు నిమిషాలు. ఈ లోపు పచ్చలైటు పడి, మళ్లీ ఎర్రలైటు కూడా పడింది. ఆ సిగ్నల్ దగ్గర ఇంకో నిమిషమున్నర.

మందులన్నీ తెలిసినవే. టికెట్ ముందే తీసుకోవడం లేదా కార్డు తాకించి ఎక్కడం. అన్ని తలుపుల నుంచీ ఎక్కనివ్వడం. మెట్లు లేకుండా నేల కిందికి ఉండే (లో-ఫ్లోర్) బస్సులు. స్టాపు ముందు పార్కింగ్ లేకుండా ఫుట్‌పాత్‌ను కాస్త రోడ్డు వైపు ముందుకు జరపడం, అప్పుడు బస్సు పక్కకు తిప్పి మళ్లీ వరుసలో దూరడానికి పాట్లు పడనక్కర్లేదు. బ్రెజిల్‌లోని కురితీబాలో 1991లో గొట్టం ఆకారపు స్టేషన్లు పెట్టారు. టికెట్ లోపలికి వెళ్లేటప్పుడే, ప్లాట్‌ఫాం బస్సు నేలతో సమానం. బస్సు వచ్చి తలుపులు తీస్తే మెట్రోలో ఎక్కినట్టు జనం ఎక్కేస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో 2012లో అన్ని బస్సుల్లోనూ అన్ని తలుపుల నుంచీ ఎక్కనిచ్చింది. లండన్ 2014లో బస్సుల్లో నగదు తీసుకోవడం పూర్తిగా ఆపేసింది. నగదు ఆపేటప్పుడు ఒక జాగ్రత్త: కార్డు, ఫోన్ లేనివాళ్లు రోడ్డున పడకూడదు, రీచార్జి చేసే చిన్న కేంద్రాలు స్టాపుల దగ్గరే ఉండాలి.

స్టాపులు మరీ దగ్గరగా ఉన్నా సమయం పోతుంది. ప్రతి ఆగడానికీ వేగం తగ్గించి, తలుపు తెరిచి, మూసి, మళ్లీ వేగం అందుకోవడానికి ఎవరూ ఎక్కకపోయినా పదిహేను ఇరవై సెకన్లు పోతాయి. రెండు వందల మీటర్లకొక స్టాపు ఉన్నచోట నాలుగు వందలకు మార్చడం మంచిదే. కానీ ఇక్కడ అంకెను పట్టుకుని వేలాడకూడదు. ఆసుపత్రి ముందు, వృద్ధులు ఎక్కువగా ఉండే చోట స్టాపు తీసేస్తే నిమిషం మిగలొచ్చు, నడవలేని మనిషి ప్రయాణమే మానేస్తుంది. ఏ స్టాపులో ఎవరు దిగుతున్నారో నాలుగు రోజులు చూసి తీసేయండి, ఆఫీసులో మ్యాపు చూసి తీసేయకండి.

ఇంత చేశాక ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. రౌండు సమయం తగ్గింది కాబట్టి పాత ఎడానికి రెండు బస్సులు తక్కువ సరిపోతాయి, ఆ రెండూ తీసేద్దాం అంటారు లెక్కల విభాగం వాళ్లు. నేను పనిచేసిన ఒకచోట సరిగ్గా ఇదే జరిగింది. సిగ్నళ్లు సరిచేసి మిగిల్చిన సమయమంతా ఖర్చు తగ్గింపు కింద పోయింది, స్టాపులో జనం మునుపటిలాగే నిలబడ్డారు. మీ సంఘం వినతిపత్రంలో ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి: మిగిలిన సమయాన్ని అదే రూటులో ట్రిప్పులు పెంచడానికే వాడాలి.

ఒక్కటీ రాదు, వస్తే మూడు వస్తాయి

దీని మీద జనానికి ఉన్నంత కోపం మరే విషయం మీదా చూడలేదు. డ్రైవర్లు కావాలని కలిసి వస్తారని నమ్మేవాళ్లున్నారు. కాదు. ఒక బస్సు ఎందుకో రెండు నిమిషాలు వెనకబడుతుంది. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో ఇంకొంతమంది చేరతారు. వాళ్లు ఎక్కడానికి ఇంకాస్త సమయం, ఇంకాస్త ఆలస్యం. దాని వెనక వచ్చే బస్సుకు జనమే మిగలరు, అది త్వరత్వరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఎవరి తప్పూ లేకుండానే బస్సులు జట్టు కడతాయి. న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లోనే దీన్ని గణితంగా రాసి చూపించారు.

నష్టం ఎంతో చూడండి. పదేసి నిమిషాలకు సమంగా వస్తే సగటున ఐదు నిమిషాలు ఆగాలి. అవే బస్సులు ఒకసారి రెండు నిమిషాలకు, ఇంకోసారి పద్దెనిమిది నిమిషాలకు వస్తుంటే సగటు ఎనిమిది నిమిషాలు దాటుతుంది. ఎందుకంటే ఎక్కువమంది స్టాపుకు చేరేది ఆ పద్దెనిమిది నిమిషాల ఖాళీలోనే. పైగా వాళ్లంతా ముందు బస్సులో కిక్కిరిసి వెళ్తారు, వెనకది ఖాళీగా వస్తుంది. రికార్డులో మాత్రం గంటకు ఆరు బస్సులు నడిచినట్టే ఉంటుంది.

ఎడం తక్కువ ఉన్న రూటుల్లో టైంటేబుల్‌ను పట్టుకోవడం మానేసి ఎడాన్ని పట్టుకోవాలి. ముందు బస్సుకూ నీకూ ఎంత దూరం, వెనక బస్సుకూ నీకూ ఎంత అన్నది డ్రైవర్‌కు కనపడాలి. దారి మధ్యలో ఒకటి రెండు చోట్ల ముందొచ్చిన బస్సును ఒకట్రెండు నిమిషాలు ఆపి ఎడం సరిచేయాలి. జీపీఎస్ వచ్చాక ఇది చేతిలో పని. కానీ డ్రైవర్‌కు ట్రిప్పుల లెక్కన జీతమిచ్చే చోట ఇది పారదు. రెండు నిమిషాలు ఆగమంటే అతని ఇంటికెళ్లే టైము, అతని కూలి పోతాయి. టెర్మినల్‌లో మూత్రానికి వెళ్లడానికి, నీళ్లు తాగడానికి కూడా వ్యవధి లేకుండా టైంటేబుల్ వేసి, ఎడం పాటించమంటే ఎవరు పాటిస్తారు? చివర్లో ఇచ్చే ఆ విరామాన్ని వృథా అనుకుని కోసేయకూడదు. ముందు ట్రిప్పులో జరిగిన ఆలస్యం తర్వాతి ట్రిప్పుకు అంటకుండా ఆపేది అదే.

బస్సుకు దారి

నగర వీధిలో, సిగ్నళ్ల మధ్య, ఒక వరుసలో గంటకు వెయ్యి కార్లు దాటించడమే కష్టం. కారుకు ఒకటిన్నర మనుషుల లెక్కన పదిహేను వందల మంది. అదే వరుసను బస్సులకే వదిలి, నిమిషానికొక బస్సు, ఒక్కోదాంట్లో అరవై మంది వెళ్తే మూడు వేల ఆరు వందల మంది, అప్పటికీ వరుస చాలాసేపు ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసే కార్లవాళ్లకు కోపం. ఖాళీగా కనిపిస్తోందంటే పనిచేస్తోందని అర్థం. ఇది ముందే చెప్పి ఒప్పించకపోతే బస్సులకిచ్చిన ఆ లేన్ నెల తిరక్కుండా పోతుంది.

రూటు పొడవునా లేన్ అడగనక్కర్లేదు. చాలా చోట్ల సమయం పోయేది కూడలికి ముందున్న రెండు మూడు వందల మీటర్లలోనే. అక్కడ మాత్రం బస్సుకు విడిగా వరుస ఇచ్చి, సిగ్నల్‌లో మిగతావాళ్లకన్నా కొన్ని సెకన్లు ముందు వదిలితే లాభంలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. జ్యూరిక్‌లో ఓటర్లు 1973లో భూగర్భ రైలు ప్రతిపాదన వద్దన్నాక, ఉన్న ట్రాములనే సిగ్నళ్ల దగ్గర ఆగకుండా చేయడం మీద ఆ నగరం దృష్టి పెట్టింది. ట్రాము వస్తోందని తెలిసి సిగ్నల్ దారిస్తుంది. ఇప్పటికీ అక్కడ సొంత కారున్నవాళ్లు కూడా ట్రాము ఎక్కుతారు.

రోడ్డు అంచున వేసిన లేన్ ఆటోలకు, సరుకు బండ్లకు, రెండు నిమిషాల్లో వస్తానని ఆపిన కార్లకు సొంతమైపోతుంది. అంచున వేస్తే కెమెరా, జరిమానా ఉండాలి. లేకపోతే రోడ్డు మధ్యలో వేయాలి. సియోల్ 2004 జూలై 1న మధ్య లేన్లు, కొత్త రూట్లు, బస్సుకూ మెట్రోకూ కలిపి దూరాన్ని బట్టి ఒకే చార్జీ, అన్నీ ఒకేసారి తెచ్చింది. మొదటి రోజుల్లో గందరగోళమై జనం తిట్టారు. నిలబడ్డారు, సరిచేశారు, ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచీ అక్కడికి చూడ్డానికి వెళ్తున్నారు. అయితే మధ్య లేన్ వేస్తే స్టాపు కూడా రోడ్డు మధ్యలోకి వెళ్తుంది, ప్రతి ప్రయాణికుడూ రోడ్డు దాటాలి. దాటడానికి నేల మీదే సిగ్నల్ ఉన్న దారి ఇవ్వాలి. పాదచారుల వంతెన కట్టి మెట్లెక్కమంటే ఎవరూ ఎక్కరు, ఎక్కాలని అడగడం న్యాయం కూడా కాదు.

ఎలక్ట్రిక్ బస్సుల గురించి మీరడిగింది

రావాలి. స్టాపులో నిలబడ్డవాళ్ల ముక్కులోకి పొగ వెళ్లదు, చప్పుడు తగ్గుతుంది, డ్రైవర్‌కు రోజంతా ఇంజను వేడి, వణుకు ఉండవు. ఆగుతూ సాగే నగర రూటుకు ఇవి సరిగ్గా సరిపోతాయి, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. చైనాలోని షెంజెన్ 2017 చివరికల్లా తన పదహారు వేలకు పైగా బస్సులన్నిటినీ ఎలక్ట్రిక్ చేసేసింది, కాబట్టి కుదురుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. బొగ్గుతో తయారైన కరెంటైతే వాతావరణానికి కలిగే మేలు తగ్గుతుంది, వీధిలో గాలికి కలిగే మేలు తగ్గదు. టైర్లు, బ్రేకులు, రోడ్డు అరగడం వల్ల వచ్చే దుమ్ము మాత్రం ఏ బండికైనా ఉంటుంది. అందుకే ప్రతి బైకునూ కారునూ ఎలక్ట్రిక్‌గా మార్చేస్తే చాలన్న వాదనతో నేను ఏకీభవించను. పొగ పోతుంది. జామ్ అలాగే ఉంటుంది, రోడ్డు దాటలేని పిల్లలూ అలాగే ఉంటారు.

జాగ్రత్త ఒకటి చెప్పాలి. పన్నెండు మీటర్ల ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్ల కరెంటు తింటుంది, ఏసీ గట్టిగా నడిచే రోజుల్లో ఇంకా ఎక్కువ. పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగే పొడవాటి డ్యూటీని ఒక్క చార్జింగ్‌తో లాగలేకపోవచ్చు. పది డీజిల్ బస్సులు తీసేసి పది ఎలక్ట్రిక్ బస్సులు పెడితే మధ్యాహ్నం చార్జింగ్‌కు వెళ్లినప్పుడు రూటులో తొమ్మిదో ఎనిమిదో మిగులుతాయి. ఎడం పెరుగుతుంది, జనం తగ్గుతారు, మళ్లీ బైకులు బయటికొస్తాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఎన్ని ఎలక్ట్రిక్ బస్సులు కొన్నారని కాదు. అవి వచ్చాక ఫలానా రూటులో సాయంత్రం ఏడింటికి ఎన్ని నిమిషాలకొక బస్సు ఉంటుందని అడగండి. డిపోకు కరెంటు లైను, ట్రాన్స్‌ఫార్మర్ బస్సులకన్నా ముందు వచ్చాయా అని కూడా అడగండి. బస్సులు వచ్చి లైను రాక నెలలకొద్దీ డిపోలో నిలబెట్టడం కొత్తేమీ కాదు.

ఇంటి నుంచి స్టాపు దాకా

బస్సు ప్రయాణం బస్సులో మొదలవ్వదు, ఇంటి గడపలో మొదలవుతుంది. మీ ఇంటి నుంచి స్టాపుకు ఆరు వందల మీటర్లు అయితే, ఆ దారిలో ఫుట్‌పాత్ ఉందా, రాత్రి లైట్లున్నాయా, రోడ్డు దాటే చోటు స్టాపు పక్కనే ఉందా లేక చుట్టు తిరిగి రావాలా అన్నవే ఎక్కాలా వద్దా తేలుస్తాయి. ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా నిజం. చాలామంది పొద్దున బస్సులో వెళ్లగలరు, రాత్రి తిరిగి వచ్చేటప్పుడు స్టాపు నుంచి ఇంటి దాకా భయం. తిరిగి రావడానికి భరోసా లేకపోతే వెళ్లేటప్పుడు కూడా బండే తీస్తారు. పీక్ అవర్లో బస్సులు పెంచి రాత్రి తొమ్మిది తర్వాత కోసేసే నగరాలకు ఈ ముక్క అర్థం కాదు. ఆఖరి బస్సు త్వరగా అయిపోతే నష్టపోయేది ఆ బస్సు ప్రయాణికులు మాత్రమే కాదు, సాయంత్రం ఆరింటి బస్సు కూడా జనాన్ని పోగొట్టుకుంటుంది.

సైకిల్‌కు స్టేషన్ దగ్గర భద్రమైన చోటిస్తే బస్సు, రైలు పరిధి నడకకన్నా మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ స్టేషన్ కింద పన్నెండు వేల ఐదు వందల సైకిళ్లు పెట్టే చోటుంది, అది 2019లో పూర్తయింది. అంత అక్కర్లేదు. పైకప్పు, ఒక కాపలా మనిషి, తాళం వేసుకోవడానికి కడ్డీలు చాలు.

బస్సు మారడమంటే జనానికి ఇష్టం ఉండదు కదా, అందుకే ఇంటి దగ్గర నుంచి అన్ని చోట్లకూ నేరుగా బస్సు వేయాలంటారు. అలా వేస్తే ప్రతి రూటుకూ గంటకొక బస్సే దక్కుతుంది. తక్కువ రూట్లు, ఒక్కోదాంట్లో ఎక్కువ బస్సులు, మధ్యలో ఒకసారి మారడం, మారినప్పుడు మళ్లీ టికెట్ డబ్బులు పడకపోవడం అన్నదే మేలు. అమెరికాలోని హ్యూస్టన్ 2015 ఆగస్టులో తన లోకల్ బస్సు రూట్లను ఒక్క రాత్రిలో ఇలా మార్చేసింది. రెండో బస్సు పది నిమిషాల్లోపు వస్తే మారడం పెద్ద కష్టమనిపించదు, అరగంట ఆగాలంటే మాత్రం అది శిక్షే.

కార్లవాళ్ల నుంచి వసూలు చేయాలా?

నా అభిప్రాయం: చేయాలి, కానీ ముందు ఇచ్చి తర్వాత తీసుకోవాలి. సింగపూర్ 1975లోనే నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టింది, లండన్ 2003 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. నాకు బాగా నచ్చింది స్టాక్‌హోం పద్ధతి. 2005లో ముందు బస్సులు పెంచారు. 2006 జనవరి నుంచి జూలై దాకా రుసుము ప్రయోగంగా పెట్టి ఆపేశారు. రుసుము పెట్టిన ప్రాంతపు సరిహద్దు దాటే వాహనాలు సుమారు ఐదోవంతు తగ్గాయి. ప్రయోగానికి ముందు ఎక్కువమంది వద్దన్నారు. అనుభవించాక సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసుల్లో ఎక్కువమంది కావాలన్నారు, 2007లో శాశ్వతం చేశారు. జనాన్ని ఉపన్యాసాలతో ఒప్పించడం కన్నా ఏడు నెలలు చూపించి అడగడం ఎంత గౌరవమో చూడండి.

అంత పెద్దది కుదరకపోతే పార్కింగ్‌తో మొదలుపెట్టొచ్చు. రోడ్డు మీద ఉచితంగా కారు పెట్టుకునే చోటు అందరి భూమి, దానికి అద్దె ఉండాలి. ఆ డబ్బు ఎటు పోయిందో కనపడాలి. పక్క వీధిలో ఫుట్‌పాత్ అయితే జనం ఓర్చుకుంటారు, ఖజానాలో కలిసిపోతే ఓర్చుకోరు.

ఉచిత టికెట్ గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013లో తన నివాసులకు, లక్సెంబర్గ్ 2020లో దేశమంతటికీ ఉచితం చేశాయి. పేదవాళ్లకు, విద్యార్థులకు, వృద్ధులకు ఉచితమో రాయితీయో ఇవ్వడం న్యాయమే, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కారు దిగి రావడానికి మాత్రం ఉచితం కన్నా ఎడం ఎక్కువ పనిచేస్తుంది. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే బస్సులు పెంచడానికి పెట్టమంటాను.

ఇవన్నీ అన్ని చోట్లా ఒకేలా కుదరవు. ఇళ్లు పలచగా ఉన్న శివార్లలో పది నిమిషాలకొక పెద్ద బస్సు ఖాళీగానే తిరుగుతుంది, అక్కడ చిన్న బండ్లు పెద్ద రూటు దాకా తెచ్చి వదలాలి. సరుకులు, పనిముట్లు మోసుకెళ్లేవాళ్లను, రాత్రి షిఫ్టులవాళ్లను బస్సెక్కమని ఒత్తిడి చేయకూడదు. వాళ్లకు రోడ్డు ఖాళీగా దొరకాలన్నా మిగతావాళ్లు బస్సులోకి రావాలి.

మీ సంఘం చేయగల మొదటి పని చెబుతాను. మీ స్టాపులో ఒక వారం, పని దినాల్లో, ఉదయం రెండు గంటలు ఇద్దరు కూర్చోండి. కాగితం మీద ఐదు గడులు గీయండి: బస్సు నంబరు, వచ్చి ఆగిన టైము, కదిలిన టైము, ఎక్కినవాళ్లు ఎంతమంది, ఎక్కలేక మిగిలినవాళ్లు ఎంతమంది. సెకన్లతో సహా రాయండి. బస్సు కదిలాక సిగ్నల్ దగ్గర ఆగితే పక్కన ఒక టిక్కు పెట్టండి. ఆ కాగితాలను టైంటేబుల్ పక్కన పెట్టి డిపో మేనేజర్‌ను, ట్రాఫిక్ అధికారిని ఒకే గదిలో కూర్చోబెట్టి చూపించండి. విడివిడిగా కలిస్తే తప్పు అవతలి శాఖదంటారు. ఆ లెక్కలు ఇక్కడ పెడితే, ముందు సిగ్నల్ పట్టుకోవాలా, తలుపులు పట్టుకోవాలా, ఎడం పట్టుకోవాలా అన్నది చూసి చెబుతాను.